పొగాకు కూలీల మూత్ర నమూనాలు: సేకరణ గురించి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కొండపి, టంగుటూరు వైపు చేలలో పొగాకు రెలిచే, అంటే పండిన ఆకు కోసే, కూలీల ఒంట్లోకి నికోటిన్ ఎంత చేరుతున్నదో మూత్ర పరీక్షతో తేల్చే పని నీకు అప్పగించారనీ, ఏ యంత్రం మంచిదో చెప్పమనీ రాశావు. ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం, అది తెలిసిన రసాయన శాస్త్రవేత్త ఉన్న ప్రయోగశాల ఏదైనా సరిపోతుంది. నమూనాను చేలో తప్పుగా పడితే మాత్రం ఏ యంత్రమూ దాన్ని సరిదిద్దలేదు.

మంచుకు తడిసిన ఆకును కోసి చంకన పెట్టుకున్నప్పుడు నికోటిన్ ఆ తడిలో కరిగి చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. కూలీలకు తల తిరగడం, వికారం, వాంతులు వచ్చేది అందువల్లే. అయితే రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకే సగమవుతుంది; కాలేయం దాన్ని మార్చగా వచ్చే కొటినిన్ సగం కావడానికి 16 గంటలకు పైగా పట్టవచ్చు. కనుక కొటినిన్‌నే కొలిపించు. రెలుపు మొదలుకాకముందు ప్రతి మనిషి దగ్గరా ఒక నమూనా, పని రోజున పని ముగిశాక ఒకటి, మరునాడు చేలో దిగకముందు ఇంకొకటి పట్టాలి. చర్మం మీద మిగిలిన నికోటిన్ పని మానాక కూడా లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి మూడవదాన్ని వదలవద్దు.

నమూనా ఇచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగించి, పని బట్టలు మార్పించు. ఆకు కాల్చే బ్యారన్ దగ్గర, ఆకు గుట్టల పక్కన సీసా మూత తీయనివ్వకు. ఆకు జిగురు చుక్క పడినా ఆ నమూనా పాడైనట్లే. నమూనాలు పట్టే చోటికి తీసుకువెళ్లి తెరిచి మూసిన శుద్ధజలం సీసాలు కొన్నింటిని కూడా కలిపి పంపితే, బయటి కాలుష్యం ఉంటే బయటపడుతుంది.

“పొగ తాగుతారా?” అని అడిగి ఊరుకోకు. చుట్ట, బీడీతో పాటు ఖైనీ, గుట్కా, కిళ్లీలో నమిలే పొగాకు, ఇంట్లో మరొకరు వదిలే పొగ, అన్నీ విడివిడిగా అడిగి రాసుకో. అలవాటున్నవారి కొటినిన్‌లో చేను వాటా కనిపించదు; వారిని తీసేయకుండా వేరే గుంపుగా ఉంచు.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. చేలో మరుగు లేక ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు, పైగా చెమట, దాంతో మూత్రం చిక్కబడి కొటినిన్ సంఖ్య ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే మూత్రం ఎంత చిక్కనిదో తెలిపే క్రియాటినిన్‌ను (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) కూడా కొలిపించి, అది లీటరుకు 0.3 గ్రాములకు తక్కువైనా, 3 గ్రాములకు ఎక్కువైనా మళ్లీ నమూనా అడుగు. బక్కపలచని ముసలివారికి కండ తక్కువ, క్రియాటినిన్ కూడా తక్కువే. చిక్కదనాన్ని సరిచేయడానికి దానితో భాగిస్తే వారి కొటినిన్ ఎక్కువగా కనిపిస్తుంది. లీటరు మూత్రానికి ఎంత కొటినిన్, గ్రాము క్రియాటినిన్‌కు ఎంత అనే లెక్కలు రెండూ ఇవ్వమని ప్రయోగశాలకు ముందే చెప్పు.

గర్భం పరీక్షకో, మందు తాగారని పట్టుకోవడానికో తీసుకుంటున్నారని పుకారు పుడితే మరునాడు ఎవరూ రారు. మేస్త్రీ చేత అడిగించకుండా నీవే ఒక్కొక్కరికీ చెప్పి, ఒప్పుకున్నవారి దగ్గరే తీసుకో. సీసా మీద పేరు కాకుండా సంఖ్య రాసి, ఫలితం ఆ మనిషి చేతికే ఇవ్వు. నమూనాలను ఐస్ పెట్టెలో తెచ్చి ఆ రోజే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో పెట్టించు. సంక్రాంతి నాటికి రెలుపు ముమ్మరమవుతుంది కనుక మొదటి నమూనాల పని డిసెంబరు రాకముందే ముగించు.

మీ పెదనాన్న