మీ ప్రశ్నలు – మా జవాబులు: పోర్టర్ బీరులో చేదు, వగరు, మాడు

ప్రశ్న: మైక్రోబ్రూవరీలో పోర్టర్ తెప్పించుకున్నాను. నల్లగా, చల్లగా ఉందనే తప్ప రుచేమీ తెలియలేదు. స్నేహితులేమో చాక్లెట్ అంటారు, కాఫీ అంటారు. రుచి చూడటానికి ఓ పద్ధతంటూ ఉందా?
– ఎస్.ఆర్., గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: మీ నాలుకలో లోపమేమీ లేదు, చల్లదనమే అడ్డుపడింది. మామూలు లేతరంగు బీరైన లాగర్‌ని పోసినట్టే పోర్టర్‌నీ 3, 4 డిగ్రీల దగ్గర పోస్తే వాసనలు పైకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది, గ్యాస్ చురుకు ఒక్కటే తెలుస్తుంది. పోర్టర్‌కి 10 నుంచి 13 డిగ్రీలు సరిపోతుంది. గ్లాసు టేబుల్ మీదికి వచ్చాక పది, పదిహేను నిమిషాలు ఆగండి. తొందరగా కావాలంటే రెండు అరచేతుల మధ్య పట్టుకోండి. ఫ్రీజర్లో పెట్టిన మగ్గు వద్దని ముందే చెప్పండి. మూతి కాస్త ముడుచుకున్న గ్లాసు అడిగి, అందులో మూడో వంతే పోయించుకుంటే వాసన నిలవడానికి చోటుంటుంది.

ముందు వాసన, తర్వాత చూపు, ఆ తర్వాతే గుక్క. పోసిన వెంటనే రెండు మూడుసార్లు పొట్టిగా వాసన పీల్చండి, ఎందుకంటే తేలికైన వాసనలు కొద్ది నిమిషాల్లోనే ఎగిరిపోతాయి. గ్లాసు తిప్పి ఈసారి నిదానంగా పీల్చండి. ఫోన్ టార్చి వెలుగులో చూస్తే నల్లగా అనిపించిన బీరు అంచుల్లో దానిమ్మ ఎరుపు కనిపిస్తుంది. నురగ లేత గోధుమ రంగులో ఉండి కాసేపైనా నిలవాలి. ఇక చిన్న గుక్క తీసుకుని నాలుకంతా తడిపి మింగండి, మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. చాక్లెట్ అన్నది తెలిసేది అక్కడే. అర నిమిషం ఆగి నోట్లో ఏం మిగిలిందో చూడండి. పక్కవాళ్లతో మాట్లాడకముందే రాసుకోండి. ఒకరు 'కాఫీ' అన్నాక అందరికీ కాఫీయే వస్తుంది.

చికెన్ 65, మిర్చీ బజ్జీ లాంటివి తర్వాత తెప్పించుకోండి. కారం మంట ఉన్నంతసేపూ వగరు, గ్యాస్, చిక్కదనం ఏవీ సరిగా తెలియవు. మధ్యమధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు ముక్క చాలు.

ప్రశ్న: ఒకచోట పోర్టర్ చేదుగా ఉన్నా హాయిగా దిగింది. ఇంకోచోట గొంతు పట్టేసినట్టయింది. అడిగితే 'నల్ల బీరు చేదుగానే ఉంటుంది సార్' అన్నారు. ఏ చేదు సహజం, ఏది లోపం?
– పి.వి., విశాఖపట్నం

జవాబు: పోర్టర్‌ని అంచనా వేయడంలో సగం పని ఇదే. మనం గంపగుత్తగా చేదు అనేదాంట్లో మూడు వేరువేరు సంగతులున్నాయి: హాప్స్ (చేదు కోసం బీరులో వేసే పూలు) చేదు, వేయించిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ) ఇచ్చే మాడు చేదు, వగరు. వీటిని విడదీయడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మూడు కప్పులు పెట్టుకోండి. ఒకదాంట్లో టానిక్ వాటర్. రెండోదాంట్లో 150 మి.లీ. మరిగే నీళ్లలో రెండు టీ బ్యాగులు పదిహేను నిమిషాలు వదిలేసి చల్లార్చిన టీ, పాలూ పంచదారా లేకుండా. మూడోదాంట్లో చికోరీ కలపని, బాగా వేగిన గింజల చిక్కటి డికాక్షన్, అదీ చల్లారినదే. టానిక్ వాటర్ చేదు నాలుక వెనక తగిలి పోతుంది, నోరు తడిగానే ఉంటుంది. టీ అలా కాదు, చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఆరిపోయి నాలుక గరుకెక్కుతుంది. అది రుచి కాదు, స్పర్శ. డికాక్షన్‌లో మాడు వాసన ముక్కులోకి ఎక్కుతుంది, వెంట కొద్దిగా పులుపు ఉంటుంది. ఈ మూడూ గుర్తుపెట్టుకుని పోర్టర్ తాగండి.

హాప్స్ చేదు ఉండాల్సిందే. బీరు జడ్జీలు వాడే బీజేసీపీ ప్రమాణాల్లో ఇంగ్లిష్ పోర్టర్‌కి 18 నుంచి 35 ఐబీయూలు (చేదుని కొలిచే యూనిట్లు), అమెరికన్ పోర్టర్‌కి 25 నుంచి 50. మాల్ట్ వైపు నుంచి రొట్టె అంచు, టాఫీ, చాక్లెట్, పల్చటి కాఫీ రావచ్చు. బూడిద, బొగ్గు రుచి వస్తే నల్ల మాల్ట్ మోతాదు మించిందన్నమాట. 1817లో డేనియల్ వీలర్ మాల్ట్ వేయించే డ్రమ్ముకి పేటెంట్ తీసుకునేదాకా లండన్ పోర్టర్ రంగు, రుచి ఎక్కువగా బ్రౌన్ మాల్ట్ మీదే ఆధారపడేవి. ఆ తర్వాత లేత మాల్ట్‌కి చారెడు నల్ల మాల్ట్ తోడైంది. ఇప్పటికీ మొత్తం గింజలో 2, 3 శాతం చాలు. 8, 10 శాతం వేస్తే మరో రుచిని నిలవనివ్వదు.

మీ గొంతు పట్టేసింది బహుశా వగరు. గింజలో మిగిలిన తీపిని కడగడానికి పోసే నీళ్లు 77 డిగ్రీలు దాటినా, చివరి చుక్కదాకా కడిగినా పొట్టులోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) దిగుతాయి. కారే రసం సాంద్రత 1.010కి తగ్గినా (నీళ్లది 1.000), పీహెచ్ (పులుపుని చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 6కి చేరినా అక్కడితో ఆపేయాలి. గింజ మరీ మెత్తగా ఆడించినా ఇదే బాధ.

నీటి సంగతి కూడా చూడాలి. నల్ల మాల్ట్‌కి ఆమ్లగుణం ఉంది. లండన్ నీళ్లలోని బైకార్బొనేట్ దాన్ని సర్దుతుంది. ఆర్‌ఓ నీళ్లలో ఆ బలం ఉండదు కాబట్టి ఏమీ కలపకుండా వాడితే మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన గింజ ముద్ద) పీహెచ్ 5.2 కిందికి జారి, మాడు రుచి కోసుకుపోయేలా పుల్లగా తేలుతుంది. పోర్టర్‌కి 5.4, 5.5 దగ్గర నిలపాలి. చిటికెడు వంటసోడా చొప్పున వేస్తూ మీటరుతో కొలవడమే మార్గం. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే కథ తిరగబడుతుంది: పీహెచ్ పెరిగి వగరు వస్తుంది.

ప్రశ్న: ఎంత నలుపైతే స్టౌట్, ఎంత నలుపైతే పోర్టర్?
– ఎం.కె., బెంగళూరు

జవాబు: రంగుతో తేలదు. 'స్టౌట్ పోర్టర్' అంటే ఒకప్పుడు ఘాటైన పోర్టరే. ఈనాటికీ గట్టి గీత లేదు. నోట్లో చూసుకోండి: చాక్లెట్, టాఫీ ముందుండి మాడు వెనకుంటే పోర్టర్, వేయించిన బార్లీ కాఫీ చేదు ముందుంటే స్టౌట్. బాల్టిక్ పోర్టర్ లెక్క వేరు. దాన్ని సాధారణంగా లాగర్ ఈస్ట్‌తో చల్లగా పులియబెడతారు, ఆల్కహాల్ 6.5 నుంచి 9.5 శాతం ఉంటుంది, మాడు చాలా మెత్తగా ఉంటుంది. దాన్ని ఇంగ్లిష్ పోర్టర్ కొలతతో కొలిస్తే అన్యాయమవుతుంది.

ప్రశ్న: ఇక్కడ ఇంట్లో చేసిన పోర్టర్‌ని పోటీకి పంపాను. 50కి 27 వచ్చాయి. 'వెన్న వాసన, పల్చన' అని రాశారు. ఈ మార్కులెలా వేస్తారు? ఏం సరిచేయాలి?
– టి.ఎన్., డల్లాస్

జవాబు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోటిలో తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. 21 నుంచి 29 దాకా 'గుడ్'. అంటే తాగదగ్గదే, చిన్న లోపాలున్నాయి. మీరు చెప్పిన రెండూ సరిదిద్దుకోగలిగినవే.

వెన్న వాసన డయాసిటైల్‌ది. పులిసేటప్పుడు ఈస్ట్ వదిలే ఒక పదార్థం బీరులో డయాసిటైల్‌గా మారుతుంది, చివర్లో మళ్లీ ఈస్టే దాన్ని తినేస్తుంది. హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే పరికరం) అంకె నిలవగానే చల్లబరిస్తే ఆ పని సగంలో ఆగుతుంది. 20, 21 డిగ్రీల్లో ఇంకో రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత పరీక్షించండి: బీరుని రెండు సీసాల్లో పోసి మూతపెట్టి, ఒకదాన్ని 60, 65 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలుంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న తగిలితే చల్లబరచకండి. సీసాల్లో నింపాక వారాలు గడిచేకొద్దీ వెన్నా పులుపూ కలిసి పెరుగుతుంటే మాత్రం అది బ్యాక్టీరియా పని. అప్పుడు గొట్టాలు మార్చేయాలి.

పల్చదనానికి మాష్ వేడి చూసుకోండి. 64, 65 డిగ్రీల్లో చేస్తే చక్కెరంతా పులిసిపోతుంది. 67, 68లో ఒక గంట ఉంచండి. 19 లీటర్లకి ఈ కూర్పు నమ్మదగ్గది: మారిస్ ఆటర్ అనే లేత మాల్ట్ 3.4 కిలోలు, బ్రౌన్ మాల్ట్ 450 గ్రాములు, ముదురు క్రిస్టల్ మాల్ట్ 350, చాక్లెట్ మాల్ట్ 250. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ రకం హాప్స్ 40 గ్రాములు గంటసేపు మరగాలి. మొదటి సాంద్రత 1.049 దగ్గర వస్తుంది, చివరిది 1.012, 1.014 మధ్య నిలిస్తే నోరు నిండుతుంది. కుళాయి నీళ్లలో శుద్ధి కోసం కలిపే క్లోరమైన్ ఉంటే, దాన్ని విరిచే క్యాంప్‌డెన్ బిళ్లలో పావు వంతు పొడిచేసి కలపండి, లేకపోతే బ్యాండేజీ వాసన పట్టుకుంటుంది.

ఇది అమెరికా పాఠకుల కోసం. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ నేరం.

ప్రశ్న: లండన్ నుంచి బావగారు తెచ్చిన పోర్టర్ సీసా ఏడాదిగా అల్మరాలో ఉంది. పాతబడితే రుచి పెరుగుతుందంటారు కదా?
– జి.ఎల్., విజయవాడ

జవాబు: అది 8, 9 శాతం ఉన్న బాల్టిక్ పోర్టర్లకి, చల్లటి చీకటి గదిలో ఉంచితే వర్తిస్తుంది. 5 శాతం పోర్టర్‌ని తాజాగానే తాగాలి. విజయవాడ ఎండల్లో అల్మరాలో ఏడాదంటే, మూత తీయగానే తడిసిన అట్ట వాసనో, సోయా సాస్ వాసనో రావచ్చు. ఆక్సిజన్ చేసిన చెరుపు అది. తాగితే హాని లేదు, కానీ ఆ రుచిని బట్టి ఆ కంపెనీ బీరు మీద తీర్పు ఇవ్వకండి. ఈసారి తెచ్చినప్పుడు లేబుల్ మీది తేదీ చూసి ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి, తాగడానికి అరగంట ముందు బయటికి తీయండి.