ఫిన్లాండ్‌లో తాతార్ ముస్లింలు ఎప్పటి నుంచి ఉన్నారు?

ఫిన్లాండ్ ముస్లింలంతా ఈమధ్య వలస వచ్చినవాళ్లేనా అని అడిగారు. కాదండీ, రష్యా వైపు నుంచి వచ్చిన తుర్కిక్ జాతివాళ్లైన తాతార్లు అక్కడ స్థిరపడటం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. ఆ దేశం రష్యా చక్రవర్తి జార్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, రష్యాలోని నిజ్నీ నోవ్‌గొరోద్ వైపు పల్లెల నుంచి బట్టలు, బొచ్చు తోళ్లు మూటగట్టుకుని అమ్ముకోవడానికి వచ్చేవారు. బేరాలు కుదిరాయి. సంతల వెంట తిరిగినవాళ్లే కొట్లు పెట్టుకుని, భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. 1922లో మతస్వేచ్ఛ చట్టం వచ్చాక, 1925లో వాళ్ల జమాత్‌కు, అంటే మత సంఘానికి, అధికారిక గుర్తింపు దక్కింది. పశ్చిమ దేశాల్లో అప్పటికి అది అరుదే. యార్వెన్‌పా పట్టణంలో 1940లనాటి చిన్న చెక్క మసీదు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అక్కడి తాతార్లు మొత్తం కొన్ని వందల మందే. అయినా ఇంట్లో తాతార్ భాష వదల్లేదు. రాయడం మాత్రం లాటిన్ లిపిలో. ఇక తిండి సంగతంటారా, మాంసం కూరి, నడుమ చిల్లు వదిలి నూనెలో వేయించే వాళ్ల పెరెమెచ్‌ను తాంపెరె నగరంలో ఫిన్నులే లొట్టలేసుకుంటూ తింటారు.