పరగడుపున అల్లం రసం తాగుతున్నా, ఛాతీలో మంట వస్తోంది... మాత్రలు తగ్గించవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రక్తనాళాల్లో కొవ్వును అల్లం కరిగిస్తుందని ఒక వీడియోలో చూసి రోజూ పరగడుపున అరకప్పు అల్లం రసం తాగుతున్నాను. ఈమధ్య ఛాతీలో మంటగా ఉంటోంది. మాత్రలు తగ్గించి అల్లమే కొనసాగించవచ్చా? మా అమ్మాయికి ఇప్పుడు రెండో నెల, వాంతులు ఎక్కువగా అవుతున్నాయి. తనకు అల్లం ఇవ్వచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: మాత్రలు ఒక్కటి కూడా తగ్గించకండి, ముఖ్యంగా ఆస్పిరిన్. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆస్పిరిన్ మానేస్తే అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, అది నేరుగా హార్ట్ ఎటాక్‌కి దారితీయొచ్చు. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు సింకు పైపులో జిడ్డులాంటిది కాదు, ఘాటైనది ఏదో పోస్తే కొట్టుకుపోవడానికి. అది నాళం గోడ లోపలే ఉంటుంది. అల్లంతో కొలెస్ట్రాల్, షుగర్ కాస్త తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే కానీ మందు మానేసేంత బలం దానికి లేదు.

ఇక మంట. అరకప్పు రసం అంటే చాలా ఎక్కువ, అదీ ఖాళీ కడుపుతో! అల్లం మోతాదు మించితే గుండెల్లో మంట మామూలే, పైగా ఆస్పిరిన్ కూడా కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. రసం ఈరోజే ఆపేయండి. కానీ స్టెంట్ ఉంది కాబట్టి దీన్ని గ్యాస్ అని మీకు మీరే తేల్చేసుకోవద్దు, ఈ వారంలోనే మీ కార్డియాలజిస్టును కలిసి ఈసీజీ తీయించుకోండి. నడిచినప్పుడు మంట పెరిగినా, దవడకో చేతికో పాకినా, చెమటలు, ఆయాసం ఉన్నా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మలం నల్లగా తారులా వస్తే కడుపులో రక్తస్రావం అవుతున్నట్టు అనుమానించాలి, అప్పుడు కూడా వెంటనే వెళ్లాల్సిందే. కూరలోనో టీలోనో వేసుకునే అల్లం ముక్కతో మీకు ఇబ్బంది ఉండదు.

మీ అమ్మాయి విషయంలో మాత్రం అల్లం నిజంగా పనికొస్తుంది. నన్నడిగితే అల్లానికి ఉన్న అన్ని గుణాల్లో గట్టి ఆధారం ఉన్నది వికారం తగ్గించడానికే. అందులోని జింజెరాల్, షోగాల్ అనే ఘాటు పదార్థాలు పేగుల్లో వాంతిని ప్రేరేపించే సెరటోనిన్ సంకేతాలను కొంత అడ్డుకుంటాయి, కడుపు త్వరగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. పచ్చి అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది, శొంఠి అంత ఘాటుగా ఉండేది అందుకే. గర్భిణులపై చేసిన పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు 1 గ్రాము శొంఠి పొడి, అదీ 250 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు. ఇంటి లెక్కలో రోజు మొత్తానికి సుమారు అర టీస్పూను పొడి, లేదా ఒక టీస్పూను తురిమిన పచ్చి అల్లం. వేడినీళ్లలో వేసి పది నిమిషాలు మూతపెట్టి, వడకట్టి, కొంచెం కొంచెంగా తాగమనండి. మొదలుపెట్టే ముందు గైనకాలజిస్టుకు ఒక మాట చెప్పండి, రక్తస్రావం కనిపించి ఉంటే అసలు వద్దు. వాంతుల తీవ్రత కాస్త తగ్గుతుంది, పూర్తిగా ఆగిపోతాయని అనుకోవద్దు. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, బరువు పడిపోతున్నా అల్లంతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, సెలైన్ అవసరం పడొచ్చు.

మిగతా పాఠకుల కోసం: నెలసరి నొప్పికీ అల్లం కొంత పనిచేస్తుంది, మోకాళ్ల నొప్పికి లాభం స్వల్పమే. పొట్ట కొవ్వు కరుగుతుందన్న ఆశ మాత్రం వద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు అల్లం క్యాప్సూల్స్ జోలికి డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు.