అమ్మ నుంచి వచ్చిందా, ఇంటి టెన్షనా, నా మనసే గట్టిది కాదా?

రెండో కాన్పయి ఆరు నెలలు, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టదు, పొద్దస్తమానం తల బరువు, ఊరికే ఏడుపు. మీ అమ్మగారికి ఒకప్పుడు డిప్రెషన్ ఉండేదని, అదే మీకూ వచ్చిందేమోనని భయం. మీవారు డాక్టర్ దగ్గరికి పోదామంటారు, అత్తగారేమో "మేం కనలేదా పిల్లల్ని" అంటారు. పై మూడింట్లో ఏది నిజమని అడిగారు.

ఏదో ఒకటే అయ్యుండాలని ఎందుకనుకుంటున్నారు? కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా 37 శాతం దాకా తేలింది. తక్కువేం కాదు, అలాగని అమ్మకు వచ్చింది కాబట్టి మీకు రాక తప్పదనీ కాదు. కాన్పు తర్వాత హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, దానికి తోడు రాత్రికి నాలుగుసార్లు లేవడం, పగలు ఎవరూ పాపను ఎత్తుకోకపోవడం, పైగా తల్లయినవాళ్లు సంతోషంగానే ఉండాలన్న పట్టింపు వల్ల ఆ ఏడుపు బాత్రూమ్‌లో దాచుకోవడం... ఇవన్నీ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. నిద్ర లేకపోతే చిన్న మాట కూడా గుచ్చుకుంటుంది, ఆ మాట మళ్లీ రాత్రంతా నిద్రపోనివ్వదు. మనసు గట్టిదా కాదా అన్న ప్రశ్నే ఇక్కడ అనవసరం.

అత్తగారిది చెడ్డతనం అనుకోను. ఆవిడ రోజుల్లో ఈ బాధకు పేరే లేదు, ఒళ్లు నొప్పులనో నీరసమనో చెప్పుకుని ఊరుకునేవారు. కాబట్టి ఆవిడతో డిప్రెషన్ గురించి వాదించకండి, "నిద్ర లేక తల పగిలిపోతోందత్తయ్యా, చూపించుకుని వస్తాను" అంటే చాలు. మీవారు కూడా సలహా ఇచ్చి ఊరుకోకుండా రాత్రి ఒక పూట పాలు పట్టే పని తీసుకుంటే, మీకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది.

డాక్టర్‌ని థైరాయిడ్ పరీక్ష చేయించమని అడగండి, కాన్పు తర్వాత అది తేడా చేసి అచ్చం ఇలాగే కుంగదీయొచ్చు. అమ్మగారి సంగతీ, పాలిస్తున్న సంగతీ తప్పకుండా చెప్పండి, పాలిచ్చేవాళ్లకూ వాడదగ్గ మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, గుణం కనబడలేదని మధ్యలో మానేయకండి. ఒకవేళ చచ్చిపోవాలనో, పాపకు ఏమైనా చేసేస్తాననో ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఈ రాత్రే మీవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.