ఉపవాసానికి ముందు నిద్ర

వందనాలు. మీరు అడిగింది ఇది: రెండేళ్లుగా వైజాగ్‌లో షిఫ్టు డ్యూటీ, ఆదివారం చర్చిలో పరిచర్య చేస్తూ చేస్తూ, లోపల ఏమీ మిగలనంతగా అలిసిపోయారు. మోకరిస్తే మాట రావడం లేదు. ఖాళీగా కూర్చుంటే సోమరితనమేమో అని భయం. వచ్చే వారం నుంచి 40 రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెడితే మళ్లీ బలం వస్తుందా, దేవునిలో విశ్రాంతి అంటే అసలు ఏమిటి అని.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఉపవాసం ఇప్పుడు మొదలుపెట్టకండి. ముందు నిద్రపోండి, వేళకు తినండి, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. విశ్వాసం లేక చెబుతున్న మాట కాదు ఇది. మీరున్న స్థితిలోనే ఉపవాసం చేసి ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాను కాబట్టి చెబుతున్నాను.

నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. ఇల్లు గోపాలపట్నం. ఎ షిఫ్టు వారమైతే తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు అందుకోవాలి. సి షిఫ్టు అయితే రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు. 2021లో కోవిడ్ రెండో విడతలో సగం మంది మంచాన పడితే మిగిలినవాళ్లం వరసగా డబుల్ డ్యూటీలు చేశాం. కోవిడ్ పోయింది గానీ డబుల్ డ్యూటీలు పోలేదు. ఆడిట్ వస్తోందంటే ఇంటికి వెళ్లే టైమ్ ఎవరూ అడగకూడదు.

ఇక ఆదివారం. మా సంఘంలో క్వయర్, అంటే పాటల బృందం, నేనే నడిపేవాణ్ణి. ఉదయం సండే స్కూల్, తర్వాత ఆరాధన, మధ్యాహ్నం యూత్ మీటింగ్, సాయంత్రం ఎవరింట్లోనో గృహ ప్రార్థన. నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్. సి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, నిద్ర లేకుండానే కీబోర్డు ముందు కూర్చున్న ఆదివారాలు ఎన్నో. "మీరు లేకపోతే క్వయర్ ఉండదు బ్రదర్" అనేవాళ్లు. ఆ మాట నాకు చాలా బలాన్నిచ్చేది. ఆ మాటే నన్ను తినేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

2022 చివరికి ఏమైందంటే, తూకం యంత్రం మీద అంకె చదివి, లాగ్‌బుక్ వైపు తిరిగేలోపు ఆ అంకె మర్చిపోయేవాణ్ణి. మళ్లీ చూడాలి, మళ్లీ మర్చిపోవాలి. మందుల నాణ్యత చూసే పనిలో అది చిన్న విషయం కాదు. బస్సులో నా స్టాప్ దాటిపోయినా తెలిసేది కాదు. పాప ఏదో అడిగితే అరిచేవాణ్ణి, అరిచాక బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకునేవాణ్ణి. అన్నిటికంటే భయపెట్టింది, పాట. నాకిష్టమైన కీర్తన పాడుతున్నా లోపల ఏమీ కదిలేది కాదు. జనం కళ్లు తుడుచుకుంటుంటే, ఇది ఎప్పుడైపోతుందా అని గడియారం చూసుకునేవాణ్ణి.

దాన్ని నేను ఆత్మీయంగా పడిపోవడం అనుకున్నాను. అందుకే మందు కూడా అదే వరసలో వెతికాను. శుక్రవారాలు ఉపవాసం, తెల్లవారుజామున మూడింటికి లేచి ప్రార్థన. మూడో శుక్రవారం ల్యాబ్‌లో గాజు సామాను కడుగుతూ పడిపోయాను. దేవుని దయవల్ల చేతిలో ఉన్నది ఖాళీ ఫ్లాస్కు.

ఆ సాయంత్రం మా పాస్టర్ అయ్యగారు ఊళ్లో లేరు, ఆయన భార్య, మా అమ్మగారు, వచ్చారు. స్టీలు డబ్బాలో చోడి (రాగి) అంబలి తెచ్చారు. ప్రార్థన చేస్తారని నేను తల వంచితే, "ముందు ఇది తాగు నాయనా. రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?" అని అడిగారు. నాలుగు, ఒక్కోసారి ఐదు అన్నాను. ఆమె నన్ను గద్దించలేదు. బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి, ఒక్క పేజీ చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ అధ్యాయం మీకూ తెలిసే ఉంటుంది. ఏలీయా ప్రవక్త కథ నేను సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను. కానీ చెప్పిన ప్రతిసారీ దాని ముందు అధ్యాయంలో, కర్మెలు కొండ మీద అగ్ని దిగిన కథతోనే ఆపేసేవాణ్ణి. దాని తర్వాత ఏలీయా ఏమయ్యాడో పిల్లలకు చెప్పనే లేదు. అంత పెద్ద విజయం చూసినవాడు, అహాబు రాజు రథానికి ముందు పరుగెత్తినవాడు, రాణి యెజెబెలు బెదిరింపు ఒక్కటి వినేసరికి బెయేర్షెబా దాకా పారిపోయాడు. దాసుణ్ణి అక్కడే వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం చేసి, చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. విశ్వాసం లేని మనిషి కాదు, ప్రవక్త.

అప్పుడు దేవుడు ఏం చేశాడో ఒక్కసారి నెమ్మదిగా చదవండి. వాక్యం చెప్పలేదు. నీ విశ్వాసం ఏమైంది అనలేదు. ఏలీయా పడుకుని నిద్రపోయాడు. దూత ముట్టి లేపి, లేచి భోజనం చెయ్యి అన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తల దగ్గర ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. నాకు కన్నీళ్లు వచ్చింది ఆ "మళ్లీ పడుకున్నాడు" దగ్గర. దూత అతన్ని లాగి నడిపించలేదు, ఇంకొంచెం పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడు కూడా భోజనమే. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అన్నాడు తప్ప, ఇంత బలహీనుడివేమిటి అనలేదు.

మీరు అడిగిన 40 రోజులు ఆ తర్వాతే వస్తాయి. ఆ భోజనం ఇచ్చిన బలంతోనే అతను నలభై పగళ్లు, నలభై రాత్రులు హోరేబు కొండ దాకా నడిచాడు. తిండికీ నిద్రకీ ముందు కాదు. నాకు ఈ వరస చాలా ముఖ్యం. గాలి, భూకంపం, మంట, వాటి తర్వాత నిమ్మళమైన స్వరం, అవన్నీ ఇంకా వెనక. నేను మాత్రం ఆ స్వరం ముందే వినిపించాలని మూడింటికి లేచి, వినిపించక నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.

హోరేబులో ఏలీయా నేనొక్కణ్ణే మిగిలాను అంటాడు, రెండుసార్లు. దేవుడు ఇచ్చిన జవాబులో ఈ రెండు విషయాలు కూడా ఉన్నాయి: నీ స్థానంలో ప్రవక్తగా ఎలీషాను అభిషేకించు, బయలు దేవతకు మోకాలు వంచనివాళ్లు ఇశ్రాయేలులో ఇంకా ఏడు వేలమంది ఉన్నారు. నా క్వయర్ సంగతి అక్కడ గుర్తొచ్చింది. అయ్యగారు వచ్చాక వెళ్లి, ఆరు నెలలు నాకు ఏ పనీ వద్దు అని చెప్పాను. చెబుతుంటే చేతులు వణికాయి. ఆయన వెంటనే సరే అన్నారు. కీబోర్డు ఇంటర్ చదివే అబ్బాయికి ఇచ్చారు, సండే స్కూల్ ఇద్దరు అక్కచెల్లెళ్లు తీసుకున్నారు. మొదట్లో తాళం తప్పేది, నాకు వెనక బెంచీలో కూర్చుని కాళ్లు ఆగేవి కావు. రెండు నెలలకు వాళ్లు నాకంటే బాగా చేయడం మొదలుపెట్టారు. కొంచెం బాధ కలిగింది, నిజమే చెబుతున్నాను. తర్వాత అదే నాకు పెద్ద నెమ్మది అయింది.

అందరూ అమ్మగారిలా మాట్లాడలేదు. విశ్వాసికి సైకియాట్రిస్ట్ ఎందుకు బ్రదర్ అన్నవాళ్లున్నారు. నేను ముందు మామూలు డాక్టరు దగ్గరకు వెళ్తే రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువ వచ్చింది. ఇన్ని రోజులూ దాన్ని కూడా నేను ఆత్మీయ బలహీనత ఖాతాలోనే రాసుకున్నాను. తర్వాత సైకియాట్రిస్టును కలిశాను, నాలుగు నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. బర్నవుట్ అనేది పని చోట ఒత్తిడి ఎక్కువకాలం అలాగే ఉండిపోతే వచ్చేదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణలో వివరించింది. దాన్ని జబ్బుగా కాదు, ఉద్యోగంతో ముడిపడిన స్థితిగా చెప్పింది. అందులో మూడు లక్షణాలు చెబుతారు: శక్తి అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేసేది ఏదీ సరిగా చేయడం లేదనిపించడం. సైకియాట్రిస్టు అవి వివరిస్తుంటే నా ల్యాబ్, నా క్వయర్ రెండూ కనిపించాయి.

ఒక మాట మాత్రం దాటేయలేను. ఏలీయా అన్న మాట, నా ప్రాణం తీసుకో అన్నది, మీకు ఎప్పుడైనా మనసులోకి వస్తే దాన్ని ఒంటరిగా పెట్టుకోకండి. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లడం వల్ల విశ్వాసిగా మీ సాక్ష్యం చెడిపోదు.

సోమరితనం అన్నారు కదా. పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లోనూ, ద్వితీయోపదేశకాండం 5లోనూ ఉన్నాయి. విశ్రాంతి దినానికి మొదటిచోట చెప్పిన కారణం, దేవుడు ఏడో రోజు విశ్రమించాడని. రెండోచోట కారణం వేరు: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, మీ దేవుడు మిమ్మల్ని బయటికి రప్పించాడు, అది జ్ఞాపకం చేసుకోండి అని. ఐగుప్తులో ఇటుకలు చేసే దాసుడికి సెలవు ఉండదు. అందుకే, పని మొత్తం పూర్తి చేసినందుకు ఇచ్చే కూలి కాదు సెలవు. ఇంకా ఇటుకలు మిగిలే ఉన్నా ఆగవచ్చు అని చెప్పడానికే దేవుడు ఆ రోజు ఇచ్చాడని నేను నమ్ముతున్నాను. దాసదాసీలూ ఎద్దూ గాడిదా కూడా విశ్రమించాలని అదే ఆజ్ఞలో ఉంది. ఎద్దుకు ఉన్న హక్కు నేను నా శరీరానికి ఇవ్వలేదు.

మీలాగే నాకూ షిఫ్టులే కాబట్టి ఆఫ్ ప్రతిసారీ ఆదివారమే రాదు. మంగళవారం వచ్చిన వారం మంగళవారమే నా విశ్రాంతి దినం. ఆ రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటాను. సాయంత్రం కుదిరితే పాత పోస్టాఫీసు దాకా బస్సులో వెళ్లి రాస్ హిల్ ఎక్కుతాను. మాది బాప్టిస్టు సంఘం, అది మరియమాత గుడి, కానీ ఆ బెంచీల్లో కూర్చుంటే నన్ను ఎవరూ ఏ పాటా అడగరు. పక్క కొండల మీద ఒకదానిపై దర్గా, ఒకదానిపై వెంకటేశ్వరస్వామి గుడి. కింద హార్బర్, లోపలికి వచ్చే ఓడలు. మొదటి రెండు నెలలు అక్కడ ఒక్క మాట కూడా ప్రార్థించలేకపోయాను. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న వచనంలో రండి అనే ఉంది, వచ్చి ఏం మాట్లాడాలో లేదు. అది పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నాకు మామూలు కావడానికి ఏడాదిన్నర పట్టింది. ఓవర్‌టైమ్ మానేస్తే నెలకు చేతికి వచ్చేది తగ్గింది, పాప ట్యూషన్ మార్చాం, నా భార్య చీటీ ఒకటి ఆపేసింది. మధ్యలో ఒక ఆడిట్ వచ్చి మళ్లీ పాత స్థితికి జారాను, మూడు వారాలు పట్టింది తేరుకోవడానికి. క్వయర్‌లో ఇప్పుడు నెలకు ఒక ఆదివారం వాయిస్తాను. మొన్న ఈస్టర్‌కు తెల్లవారుజామున పాడుతుంటే గొంతు పూడుకుపోయి ఒక చరణం ఆగిపోయాను. ఆ కీబోర్డు కుర్రాడు అందుకుని పాడాడు.

మీ ఆఫ్ ఏ రోజు వస్తుంది, సి షిఫ్టు తర్వాత ఇంట్లో పగలు పడుకునే వీలుందా, చర్చిలో మీ పని అందుకోగలిగిన వాళ్లెవరైనా ఉన్నారా, అవి చెప్పండి. మీ పాస్టర్ గారితో ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే నేను నా అయ్యగారితో అన్న మాటలు రాస్తాను. ఈ వారం మీకు సి షిఫ్టే అయితే, జవాబు తర్వాత ఇద్దురుగాని, ముందు పడుకోండి.