నాస్తికులు అంత గట్టిగా మాట్లాడాలా? మెత్తగా చెబితే జనం వినరా?

మీ ప్రశ్న చదివాను. బీటెక్ చదువుతున్న తమ్ముడు నాస్తికుడయ్యాడు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజూ దేవుళ్ల మీద పోస్టులు పెడుతున్నాడు, అమ్మ బాధపడుతోంది అన్నారు. నాస్తికులకు ఇంత నోటిదురుసు ఎందుకు, మర్యాదగా చెబితే జనం వినరా, అసలు హిందువుల మీదే ఎందుకు పడతారు అని అడిగారు. నేను దేవుణ్ణి నమ్మను. మాది కృష్ణా జిల్లా. ఒక సైన్స్ ప్రచార సంఘంతో చాలా ఏళ్లు ఊళ్లు తిరిగాను. కాబట్టి నాది తటస్థ సమాధానం కాదని ముందే చెబుతున్నా.

ముందు ఆ ‘మర్యాదగా చెబితే వింటాం’ అన్న మాట చూద్దాం. గోరా గారి పేరు విన్నారో లేదో. గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. నోరు పారేసుకునే మనిషి కాదు, ఖద్దరు కట్టుకున్న గాంధేయవాది. దేవుడి భావన మీద ఒక వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరితే, 1940 వచ్చేసరికి అదీ పోయింది. జంధ్యం తీసేశాడని అంతకుముందే ఇంట్లోంచి బయటికి పంపారు. ఇందులో తిట్టు ఎక్కడుంది? బూతు ఎక్కడుంది? తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పాడాయన. అయినా జీతం లేకుండా పిల్లలతో ఉయ్యూరు దగ్గర ముదునూరు అనే పల్లెకు చేరాల్సి వచ్చింది. ఆయన పెట్టిన నాస్తిక కేంద్రం పుట్టింది అక్కడే, 1940లో. విజయవాడ పటమటకు మారింది 1947లో.

పుణెలో మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ సంగతి ఇంకా విచిత్రం. ‘దేవుణ్ణి నమ్ముకోండి, నాకేం అభ్యంతరం లేదు, దేవుడి పేరు చెప్పి దోచుకునేవాణ్ణి మాత్రం నిలదీయండి’ అన్నదే ఆయన పద్ధతి. అంతకన్నా మెత్తగా ఎవరు చెప్పగలరు? 2013 ఆగస్టు 20న పొద్దున్నే నడకకు వెళ్లినప్పుడు కాల్చి చంపారు. ఆయన ఏళ్ల తరబడి అడిగిన మూఢాచార వ్యతిరేక చట్టాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం ఆ హత్య తర్వాతే ఆర్డినెన్సుగా తెచ్చింది.

అందుకే ఎవరైనా ‘మీ అభిప్రాయం తప్పు కాదండీ, చెప్పే తీరే బాగాలేదు’ అంటే నాకు సగం నమ్మకమే. కొందరికి తీరు కాదు, అసలా అభిప్రాయమే బాగాలేదు. నేరుగా అనలేక తీరు మీద పెడతారు.

అలాగని తీరుతో పనే లేదా అంటే, ఉంది. ఎదుటి పక్షం కోసం కాదు, మధ్యలో కూర్చుని వినేవాళ్ల కోసం. ఇది నాకు ఊళ్లలో తెలిసొచ్చింది.

మా ప్రదర్శనలో రెండు మూడు అంశాలు ఎప్పుడూ ఉండేవి. మందార రేకుల్ని కత్తికి బాగా రుద్ది ఆరనిస్తే, దాంతో నిమ్మకాయ కోయగానే రసం ఎర్రగా కారుతుంది. చేతబడి చేశారని చెప్పి చూపించే ‘రక్తం’ అదే. కొబ్బరికాయ పీచులో కాస్త పొటాషియం పర్మాంగనేట్ దాచి, ‘తీర్థం’ అంటూ గ్లిజరిన్ పోస్తే కాసేపటికి దానంతటదే భగ్గుమంటుంది. ముందు మంత్రం చదివి చేసేవాళ్లం, జనం నోరెళ్లబెట్టాక గుట్టు విప్పేవాళ్లం. పిల్లలైతే కత్తి లాక్కుని మళ్లీ మళ్లీ కోసేవాళ్లు. ఇంటికెళ్లి మందార చెట్లు దులిపేస్తున్నారని మాస్టార్లకు ఫిర్యాదులు కూడా వచ్చేవి.

ఒక ఊళ్లో ఇదంతా అయ్యాక ఒక ముసలావిడ లేచి, ‘అంతా బానే ఉంది గానీ అబ్బాయీ, మా మనవరాలికి వారం దాటింది జ్వరం. టౌన్లో డాక్టరంటే ఫీజు, టెస్టులు, ఆటో. మా ఊరి మంత్రగాడైతే ఓ నిమ్మకాయ, నూటపదహార్లు. మీరొచ్చి తగ్గిస్తారా?’ అంది. మా స్క్రిప్టులో దానికి జవాబు లేదు. మాలో ఒకాయనకు ప్రభుత్వాసుపత్రిలో తెలిసినవాళ్లుంటే మర్నాడు తీసుకెళ్లాం. టైఫాయిడ్. అమ్మాయి కోలుకుంది. చేతికి కట్టిన తాడు అలాగే ఉంది, తియ్యమని మేమూ అడగలేదు. ముసలావిడ దృష్టిలో సగం తాడు తగ్గించింది, సగం మాత్రలు తగ్గించాయి. నిమ్మకాయల ఆయన దుకాణమేమీ మూతపడలేదు గానీ, జ్వరమొస్తే ముందు ఆసుపత్రికే పోతున్నారని తర్వాత అక్కడి టీచరు చెప్పారు. నాకది చాలు. ఆవిడ నమ్మకాన్ని ఎగతాళి చేసి ఉంటే ఆ మనవరాలి సంగతి మా చెవిన పడేదే కాదు.

ఇప్పుడు 2022 డిసెంబరుకు రండి. కొడంగల్ సభలో నాస్తికుడు బైరి నరేశ్ అయ్యప్ప పుట్టుక గురించి మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. దీక్షల కాలం, ఊరూరా నల్లబట్టల స్వాములున్న రోజులు. జనం రోడ్డెక్కారు, కేసులు పడ్డాయి, అరెస్టు చేశారు. నా మటుకు ఆయన్ని జైల్లో పెట్టాల్సినంత నేరం ఏమీ కనపడలేదు. కానీ ఆ ప్రసంగం వల్ల ఏం సాధించారో కూడా కనపడలేదు. నలభై ఒక్క రోజులు మందు మానేసి, చెప్పులు లేకుండా చన్నీళ్ల స్నానం చేసే ఆటో డ్రైవరు మీ ప్రత్యర్థా? ఆ నలభై ఒక్క రోజులూ వాళ్లావిడకు ఎంత ప్రశాంతమో ఎప్పుడైనా అడిగారా? పుట్టుక కథలో వింతలు చూపించి నవ్వితే, ఆల్రెడీ మనవైపున్నవాళ్లు చప్పట్లు కొడతారు, అంతే. మాల వేసుకున్నవాళ్లు వింటారన్న ఆశ ఆ మాటల్లోనే లేదు.

టీవీ వాళ్ల పాత్ర కూడా చెప్పాలి. గ్రహణం వచ్చిందంటే చాలు, మన చానళ్లు ఒక పక్క జ్యోతిష్కుణ్ణి, ఇంకో పక్క హేతువాదిని కూర్చోబెట్టి మధ్యలో కోడిపందెం నడుపుతాయి. స్టూడియోలో ఒకళ్లు ఇడ్లీ తింటారు, ఇంకొకళ్లు దర్భలు పంచుతారు. నిదానంగా మాట్లాడేవాణ్ణి రెండోసారి పిలవరు. 2018లో సినీ విమర్శకుడు కత్తి మహేశ్ రాముడి మీద అన్న మాటలు కూడా టీవీ చర్చలోంచి వచ్చినవే. ఆయన్ని ఆరు నెలలు హైదరాబాదులో అడుగుపెట్టొద్దన్నారు పోలీసులు. ఆయన మాటలకు నిరసనగా పాదయాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామికీ రెండు మూడు రోజుల తేడాలో అదే ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరికీ సమానంగా ఇచ్చారు కదా, న్యాయమే అన్నారు కొందరు. నాకలా అనిపించలేదు. మాట్లాడినవాణ్ణీ, మాట్లాడొద్దన్నవాణ్ణీ ఇద్దర్నీ ఊరవతలికి పంపితే చర్చ ఎక్కడ జరగాలి?

‘మనోభావాలు’ అని మనం అనే కేసులన్నీ ఎక్కువగా ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 295ఎ కింద పడేవి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 299. మూడేళ్ల దాకా శిక్ష. ఇది ఎలా పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. లాహోరులో మహమ్మద్ ప్రవక్త మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం వేసిన హిందూ ప్రచురణకర్తను హైకోర్టు విడిచిపెట్టింది, అప్పటి చట్టంలో శిక్షించే సెక్షను లేదని. ఆ గొడవ మీద 1927లో బ్రిటిషువాళ్లు తెచ్చిన సెక్షనిది. ఆ ప్రచురణకర్తను 1929లో చంపేశారు కూడా. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే ఈ సెక్షను వర్తిస్తుందని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికో మనసు నొచ్చుకుంటే సరిపోదు. కానీ స్టేషన్లో కేసు రాసేటప్పుడు ఆ తేడా చూసేవాళ్లు తక్కువ. నిర్దోషి అని తేలేలోపు తిరిగే కోర్టు వాయిదాలే సగం శిక్ష.

ఇక ‘హిందువుల మీదే ఎందుకు?’ ఈ ప్రశ్న ప్రతి సభలో వస్తుంది. కొంత నిజం ఉంది. కొందరు నాస్తికులు వేరే మతం పేరెత్తడానికి జంకుతారు, ఆ జంకుకు ఏదో సిద్ధాంతం ముసుగేస్తారు. అది నేను సమర్థించను. కానీ ఎక్కువమంది విషయంలో కారణం చాలా మామూలు. నాకు సత్యనారాయణ వ్రతం తెలుసు, తద్దినం తెలుసు, ఇంట్లో మడీ మైలా ఎవరి మీద ఎలా పనిచేశాయో చూస్తూ పెరిగాను. తెలిసిన ఇంటి గురించే మాట్లాడగలను. అలాగే వేరే ఇళ్లలో పుట్టినవాళ్లు తమ ఇంటి గురించి మాట్లాడుతున్నారు, వాళ్లకు జరిగేది మనదాకా రావడం లేదంతే. కోయంబత్తూరులో ఫరూక్ అనే ముస్లిం యువకుడు నాస్తికుడైనందుకు 2017 మార్చిలో నరికి చంపారు. 2012లో ముంబైలో ఒక చర్చి దగ్గర శిలువ పాదాల నుంచి నీళ్లు కారుతుంటే అద్భుతమని జనం ఎగబడ్డారు. మురుగు కాలువ పూడుకుపోయి నీరు గోడ పీల్చుకుని పైకెక్కుతోంది అని చెప్పిన హేతువాది సనల్ ఎడమరుకు మీద కేథలిక్ సంఘాలు కేసులు పెట్టాయి, ఆయన ఫిన్లండ్ వెళ్లిపోయాడు. సెక్షను మాత్రం అదే 295ఎ. గోరా గారైతే రెండు మతాల పట్టింపుల్నీ ఒకేసారి కదపాలని 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి విందు పెట్టారు. నిజం చెప్పాలంటే ఆయన పనుల్లో నాకు అంతగా నచ్చనిది అదే.

నచ్చినవి వేరే ఉన్నాయి. ఆయన 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీతో దేవుడి గురించి వాదించాడు. గాంధీ మారలేదు, గోరా మారలేదు. కానీ గోరా పెద్దమ్మాయికీ ఒక దళిత యువకుడికీ పెళ్లి తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఈలోగా గాంధీ హత్య జరిగిపోయింది. పెళ్లి మాత్రం 1948లో సేవాగ్రాంలోనే జరిగింది. కొడుకు లవణం, వినోబా మన ప్రాంతంలో పాదయాత్ర చేసినప్పుడు ఆయన ప్రసంగాలను తెలుగులో చెప్పేవాడు. దేవుణ్ణి తలవకుండా మాట్లాడని వినోబాకి నాస్తికుడి గొంతు! ఆ లవణమూ, భార్య హేమలత (జాషువా గారమ్మాయి) స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్లకేళ్లు పనిచేశారు. జోగినుల దగ్గర మెత్తదనం కుదరదు. దేవత పేరుతో ఆడపిల్లని ఊరికి వదిలేయడం తప్పని ముఖం మీదే అనాలి, అన్నారు కూడా. కాకపోతే ఆ కోపం పెద్దమనుషుల మీద, ఆ అమ్మాయి భక్తి మీద కాదు.

మా ఇంట్లో సంగతంటారా, పేలాల్సినప్పుడు పేలాను. నాన్న పోయినప్పుడు కర్మ నేను చెయ్యనన్నాను, తమ్ముడు చేశాడు. పాడె మోశాను, పన్నెండు రోజులూ వచ్చినవాళ్లకు వడ్డించాను. ఒక బాబాయి ఇప్పటికీ శుభకార్యాల్లో నన్ను పలకరించడు. అమ్మ మాత్రం వ్రతం చేసుకుంటే ప్రసాదం గిన్నె ముందు నాకే పెడుతుంది. ‘దేవుడు లేడంటావు, ప్రసాదం ఎలా తింటావురా?’ అని మేనత్త అడిగితే, ‘నెయ్యి ఉంది కదత్తా’ అన్నాను. అందరూ నవ్వారు, మేనత్త నవ్వలేదు.

మీ తమ్ముడి విషయానికి వస్తే, అతను నమ్మకపోవడం అతనిష్టం, దాన్ని మార్చబోకండి. గ్రూపులో రోజూ పోస్టు పెట్టడం మాత్రం అమ్మని పదిమంది చుట్టాల ముందు నిలదీసినట్టే. అది ఆపమని మీరే విడిగా చెప్పండి. అదే నోటితో, ‘ఈ మెసేజ్ పదకొండు మందికి పంపకపోతే కీడు’ అని అదే గ్రూపులో పంపే పెదనాన్నకీ చెప్పండి. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే మీ తమ్ముడు మీ మాట వినడు, వినక్కర్లేదు కూడా. అతనికి అమ్మతో మాట్లాడాలని ఉంటే వంటింట్లో మాట్లాడమనండి, కూరగాయలు తరుగుతూ. అక్కడ ఆవిడ కూడా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, వాటికి ఫార్వర్డ్‌లలో జవాబులుండవు.