రె (2021 నాటి జవాబు): అమ్మ క్యూలో నిలబడలేకపోతది, కారులోనే కొవిడ్ టీకా వేయించొచ్చా?

తమ్మీ, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ డ్రైవ్ ఇన్‌కు (కారులోనే టీకా వేసే కేంద్రం) కిరాయి కారులో తీసుకుపోవాలా అని అడిగినవు. తొందరపడకు. ముందు మీ ఆశా కార్యకర్తను అడుగు. మా అత్తమ్మకు ఏఎన్‌ఎం (ఊరి నర్సు) ఆటో దగ్గరికే వచ్చి వేసింది. కొవిషీల్డ్ టీకా సీసాలో 10 డోసులుంటయి, మూత తీసినాక 4 గంటల్లో వాడాలె. అందుకే జనం కూడేదాకా ఆపుతరు. మరీ పొద్దున్నే పోయి కూర్చోకు.

కారులోనే అనుకుంటే మాత్రం, అమ్మను ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టు. అప్పుడు ఎడమ భుజం కిటికీ వైపే ఉంటది. రవిక చేతులు వదులుగా ఉండాలె. మా అమ్మది బిగుతు రవిక, కిటికీలోంచి సిస్టర్ ఎంత లాగినా పైకి రాలే, వెనక ఒకటే హారన్లు! ఆధార్, కొవిన్‌లో (టీకా నమోదు వెబ్‌సైట్) వచ్చిన 4 అంకెల కోడ్ చేతిలో పట్టుకో. రక్తం పలచబడే మాత్రలు వాడితే సూదికి ముందే చెప్పు. తర్వాత రుద్దకుండా 2 నిమిషాలు ఒత్తి పట్టు.

అసలు సంగతి ఆ తర్వాతి 30 నిమిషాలు. సిబ్బందికి కనబడేటట్టు నీడలో ఆపు, అద్దాలు దించు. మన ఎండలకు ఆగిన కారు పొయ్యి లెక్కనే. మొహం వాచినా, దద్దుర్లొచ్చినా, ఊపిరాడకున్నా ఆగకుండా హారన్ కొట్టు. డ్రైవర్‌కూ ఇది చెప్పిపెట్టు.

రెండో డోసుకు ఆగాల్సింది, 2021 లెక్క ప్రకారం, కొవిషీల్డ్‌కు 84 రోజులు, ఇంకో టీకా కొవాగ్జిన్‌కు 28.